పక్కకు తోసిన కణాలు

కమలమ్మ ఊపిరితిత్తి చుట్టూ నీరు మళ్ళీ చేరింది. మూడు నెలలు క్షయ మాత్రలు మింగితే ఆరిపోవాల్సిన నీరు ఆరలేదు సరిగదా, ఈసారి ఎర్రజీరతో దిగింది. డాక్టరు వాదిరాజ ఆ సీసాను కిటికీ వెలుతురులో పట్టి చూశాడు. మందు పని చెయ్యకపోతే డాక్టర్లు ముందుగా అనుమానించేది మందును కాదు, మింగినవాళ్ళను. ఆయనా అదే చేశాడు.

"మాత్రలు రోజూ మింగుతున్నావా, పారేస్తున్నావా?"

కమలమ్మకు ఆయాసం ఇంకా తీరలేదు. కోడలు సుధ జవాబిచ్చింది. "ఒక్క దినం తప్పలేదు సార్. నేనే సేతిలో పెట్టి, మింగేదాంక పక్కన నిలబడతాండా. తిన్నదంతా కక్కుకుంటాది. మల్ల తింటాది, మల్ల మింగుతాది."

గుమ్మంలో చిన్న గాజు సీసా పట్టుకుని నిలబడ్డ నాగవేణి ఈ మాట విని నేల చూపులు చూసింది. ఆ మాత్రలు మొదలుపెట్టడంలో తన మాట కూడా కొంత ఉంది. ఆ సంగతి ఆమెకూ డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదు. డాక్టరు దాన్ని ఎప్పుడో మర్చిపోయాడు కూడా.

నాగవేణికి నలభై రెండేళ్ళు. ఊరు ఎమ్మిగనూరు. రోజూ పొద్దున బస్సెక్కి ఆదోని వచ్చి, ఈ ఛాతీ ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని, రోగుల ఊపిరితిత్తుల దగ్గర తీసిన నీటిలోని కణాలు మెత్తగా ఉన్నాయో గట్టిగా ఉన్నాయో కొలుస్తుంది. ఆమె పని చెబితే పెళ్ళిళ్ళలో చుట్టాలు నోళ్ళు తెరుచుకుని వింటారు. చేస్తే మెడ పట్టేస్తుంది. తల వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టం ఒకటి ఉంటుంది. దాని మూతికి ఒక్క కణాన్ని ఆనించి, గొట్టానికి తగిలించిన నీళ్ళగిన్నెను మిల్లీమీటరు మిల్లీమీటరుగా కిందికి దించాలి. గిన్నె దిగేకొద్దీ గొట్టం పీలుస్తుంది, కణం నాలుక చాపినట్టు లోపలికి సాగుతుంది. ఎంత దించితే ఎంత సాగిందో రాసుకోవాలి. మామూలు కణం మొండికేస్తుంది. క్యాన్సరు కణం మెత్తగా ఉండి తొందరగా లొంగుతుంది, ఆ మెత్తదనంతోనే ఇరుకు సందుల్లో దూరి ఒళ్ళంతా తిరుగుతుంది అని ఆమెకు పని నేర్పిన పవమాన్ సార్ చెప్పాడు. మనిషికి ముప్పై కణాలు. ఎనిమిది నెలల్లో అరవై ఒక్క మంది.

పవమాన్ బెంగళూరులో ఒక పరిశోధనాలయంలో పని చేస్తాడు. కణాలను బతికుండగానే, నాలుగు గంటల్లోపు కొలవాలి. ఆదోనిలో తీసిన నీరు బెంగళూరు రైలెక్కి చేరేసరికి సగం చచ్చిపోతాయి. అందుకని యంత్రమే ఆదోనికి వచ్చింది. అద్దం పలక మీద వేసి రంగు పెట్టి చూసినప్పుడు ఏ సంగతీ తేలని రోగులకు ఈ కొలతైనా తేలుస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఈ పొద్దున్నే వచ్చింది. నాగవేణి బస్సులో, ఎవరిదో సంచి కాళ్ళ మీద మోస్తూ నిలబడి ఉండగా ఆయన ఫోన్ చేశాడు.

"నాగవేణి గారూ, లెక్కలన్నీ చూశాం. రోగం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తేడా ఏం కనబడటం లేదు. ఈ పద్ధతి పనికిరాదనే రాస్తున్నాను. నెలాఖరుకు ముగించేద్దాం. మిషన్ ప్యాక్ చెయ్యను మనుషులొస్తారు."

ఉద్యోగం పోయిందని ఏడుపు రావాలి. రాలేదు. ఇక పొద్దున ఐదింటికి లేవక్కర్లేదు కదా అన్న ఆలోచన ముందు వచ్చింది. అంత అలిసిపోయి ఉంది ఆమె.

నీరు తీసిన తర్వాత రోగిని రెండు గంటలు కనిపెట్టుకుని ఉండాలని నియమం. వరండాలో బెంచీలు నిండిపోయాయి. నాగవేణి తన గదిలో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కమలమ్మను కూర్చోబెట్టింది. సుధ గోడ పక్కన చతికిలబడి ఫోన్లో ఎవరితోనో పిల్లల అన్నం సంగతి మాట్లాడుతోంది. ఆమె మొగుడు వీరేష్ మిరపకాయ కోతకు గుంటూరు వైపు వలసపోయాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పక్కింటివాళ్ళ భరోసా మీద ఉన్నారు.

మూడు నెలల కిందట కూడా కమలమ్మ నీరు ఈ గదికే వచ్చింది. అప్పుడు అద్దం పరీక్ష రెండుసార్లు చేసినా ఏదీ తేలలేదు. వాదిరాజ సార్ ఈ గుమ్మంలోనే నిలబడి, "నీ మిషన్ ఏమంటుందమ్మా?" అని అడిగాడు. ఆ లెక్కలు డాక్టర్లకు చెప్పకూడదన్నది పవమాన్ రాసిచ్చిన కాగితంలో మొదటి మాట. కానీ నాగవేణిని పుట్టి బుద్ధెరిగాక ఏ డాక్టరూ ఏమీ అడిగింది లేదు. అడిగితే నోరు ఊరుకుంటుందా? "అన్నీ గట్టిగానే ఉన్నాయి సార్. మామూలుగానే" అంది. ఆయన తల పంకించి వెళ్ళి క్షయ మందు రాశాడు.

నాగవేణి నీటి చుక్కను పళ్ళెంలో వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, పక్కనున్న తెర వెలిగించింది. తెర మీద గుండ్రని కణాలు, ఎర్రకణాలు, ముద్దలు కట్టిన కణాలు, వంకర టింకరవి కనిపించాయి. ఆమె గాజు గొట్టాన్ని దించి, దాని మూతితో ముద్దలను ఒక్కొక్కటిగా పక్కకు నెట్టి, నడుమ చోటు చేసుకుంది. ఎనిమిది నెలలుగా పొద్దున్నే వాకిలి ఊడ్చినట్టు చేస్తున్న పని అది. చెయ్యి దాని పాటికది చేసుకుపోతుంది.

"అవేంటివి?" అంది కమలమ్మ. ఆయాసం కాస్త తగ్గి తెర వైపు చూస్తోంది.

"నీ నీళ్ళలోని కణాలు పెద్దమ్మా. పెద్దవిగా కనపడతాండాయి అంతే."

"అవి గాదు. నువ్వు పక్కకు నెడతాండావే, ఆ ముద్దలు."

"అది చెత్త పెద్దమ్మా. ముందు చెత్త తీసేసి తర్వాత కొలుస్తాం."

కమలమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "నేను ఇరవై ఏండ్లు ఈ ఆదోని జిన్నింగు మిల్లులోనే పత్తిలో చెత్త ఏరినా. ఆకులు, కాయపెచ్చులు, పుచ్చు గింజలు. పత్తిలో చెత్త యాడి నుంచో వస్తాది. సేన్లో నుంచి, గోతాము నుంచి, లారీలో నుంచి. నా రొమ్ములోపలికి చెత్త యాడి నుంచి వచ్చుంటాది?"

వెటకారంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. పనికెళ్ళే మనిషి పనికెళ్ళే ఇంకో మనిషిని అడిగినట్టు అడిగింది.

నాగవేణి చెయ్యి ఆగింది.

ఈ పనికి రాకముందు ఆమె కూడా పద్నాలుగేళ్ళు ఒక మిల్లులోనే పని చేసింది, దూది నాణ్యం చూసే గదిలో. పిడికెడు దూది తీసుకోవాలి. ఆకు ముక్క, గింజ తునక, చిక్కుపడ్డ పోగు అన్నీ వేళ్ళతో ఏరి పారేయాలి. అప్పుడే తూచి, గాలి ఊది, పోగు సన్నమో లావో కొలవాలి. ఆ గది పెద్ద మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు, "చెత్తతో కలిపి కొలిస్తే అది పత్తి కొలత కాదమ్మా" అని. మిల్లు మూతపడ్డాక, సన్నపు కొలతలకు చెయ్యి తిరిగిన మనిషి కావాలని పవమాన్ వెతికితే ఈమె దొరికింది. ఆయన వారం రోజులుండి గొట్టం పట్టుకోవడం, గిన్నె దించడం, లెక్క రాయడం నేర్పాడు. కొలతకు ముందు ఏం చెయ్యకూడదో చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఆయనకు కలలో కూడా తోచి ఉండదు. కొలిచే ముందు ఏరాలని ఈమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అలవాటులో పొరపాటు అంటారే, అది ఇదే.

కణానికి చెత్త ఏమిటి? ముద్ద కట్టడం, వంకర పోవడం, పెద్దవి కావడం, అదే కదా రోగం చేసే పని. తను ఎనిమిది నెలలుగా రోగాన్ని ఏరి పక్కన పెట్టి, మిగిలిన మంచి కణాలను కొలిచి, అందరూ ఒకటే, తేడా లేదు అని బెంగళూరుకు రాసి పంపుతోంది.

తర్వాత గొట్టాన్ని పక్కకు జరిపి, తను నెట్టేసిన ముద్ద దగ్గరికి తీసుకెళ్ళింది. ముద్ద అంచున ఉన్న కణానికి మూతి ఆనించి గిన్నె దించింది. ఒకటి, రెండు, మూడు. మామూలుగా పది దాటితే గానీ కదలిక ఉండదు. నాలుగో మిల్లీమీటరుకే కణం గొట్టంలోకి జారిపోయింది. ఇంకోటి పట్టింది. అదీ నాలుగే. ఆ పక్కది ఐదు. ముద్దలోని కణాలు గాజుకు అంటుకుంటాయి, ఒక్కోదానికీ గొట్టం మార్చాలి. విసుగు పుట్టించే పని. మధ్యాహ్నం అన్నం మాట మరిచిపోయి, కళ్ళు నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, ముప్పై కణాలు ముగించేసరికి రెండున్నర అయింది. ముప్పైలో ఇరవై ఆరు మెత్తనివి.

కమలమ్మ కుర్చీలోనే నిద్రపోయింది. సుధ ఆమె తల వాలిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.

నాగవేణి వరండా చివరికి వెళ్ళి పవమాన్‌కు ఫోన్ చేసింది. అంతా చెప్పింది.

"అరవై ఒక్క మందివీ అట్లే చేశారా?" అన్నాడు పవమాన్.

"అట్లే చేసినా సార్. మిల్లులో అట్లే చేసేవాళ్ళం."

"పక్కకు నెట్టినవాటికి ఫోటోలున్నాయా?"

"లేవు సార్. కొలిచినవాటికే తీసినాను."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "నేను ఒక్క రోజు వచ్చి మీ పక్కన కూర్చుని ఉంటే తెలిసేది" అన్నాడు. ఆ గొంతు కూడా అలిసిపోయిన గొంతే. పనికిరాదని రాసింది వెనక్కి తీసుకుంటానన్నాడు. పనికొస్తుందని రాయడానికి మాత్రం చేతిలో ఒక్క మనిషి లెక్కే ఉంది, అది చాలదు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యడానికి ఈ ఏడు వీలుపడదు, యంత్రం వెనక్కి పంపక తప్పదు. "కానీ డాక్టరుకు చెప్పండి. ఇప్పుడే చెప్పండి" అని పెట్టేశాడు.

వాదిరాజ సార్ అప్పుడే భోజనం నుంచి వచ్చి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆమె చెప్పింది విని, "నీ లెక్కలు చూసి నేను మందు రాయనమ్మా. అది పరిశోధన. ఇది వైద్యం" అన్నాడు.

"అప్పుడు అడిగినారు సార్ మీరు."

"అడిగుంటాను. అడిగితే రాసినట్టా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం డాక్టర్లకు మాత్రం ఎందుకు తప్పుతుంది? ఇంకో రోజైతే నాగవేణి సరే సార్ అని వచ్చేసేది. ఇవాళ కదల్లేదు. పంతం పట్టి నిలబడిందో, వెళ్ళే ఓపిక లేక నిలబడిందో ఆమెకే తెలియదు. గోడకానుకుని అక్కడే ఉండిపోయింది. ఆయన ఇద్దరు రోగులను చూసి పంపాడు. మూడో రోగిని పిలవబోయి, ఈమె ఇంకా ఉండటం చూసి, కలం తీసి, ఊపిరితిత్తి పొర నుంచి ముక్క తీసి చూడాలని కర్నూలు పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాడు. రాసేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదించింది. "మాత్రలు ఆపెయ్యమను. కర్నూల్లో చూసి చెప్తారు" అని, ఆమె మొహం చూడకుండానే కవరు అందించాడు.

ఆ కవరు సుధ చేతికిచ్చి ఇంటికి పోవచ్చు. ఎక్కడా ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వాళ్ళిద్దరూ బస్టాండుకు బయలుదేరుతుంటే నాగవేణి సంచి అందుకుని కూడా వెళ్ళింది. వాళ్ళ ఊరికి పోయే ఆలూరు బస్సులు ఆగేచోట సిమెంటు దిమ్మె మీద కమలమ్మను కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి చెప్పింది. మూడు నెలల కిందట తను ఏం పక్కకు నెట్టిందో, డాక్టరుతో ఏం అందో, ఈ రోజు ఏం కనపడిందో, కర్నూలుకు ఎందుకు పోవాలో, ఒక్కటీ దాచకుండా చెప్పింది.

సుధ మొహం ఎర్రబడింది. "మూడు నెల్లు. మూడు నెల్లు కడుపులో పేగులు బయటికొచ్చేట్టు కక్కింది అత్త. నేను తిట్టి తిట్టి మింగిస్తి. నువ్వు తప్పు కొలిసినదానికి నేను తిడ్తినా ఆమెను?" అంది. గట్టిగా అరవలేదు. అరిచినా బస్టాండులో ఎవరూ తిరిగి చూడరు. ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

రెండు బస్సులు వచ్చి పోయాయి.

"అప్పుడే సూసింటే బాగయ్యేదాన్నా?" అంది కమలమ్మ.

"తెలీదు పెద్దమ్మా. నాకు అంత తెలీదు."

"నువ్వు సెప్పకుంటే ఎవురికన్నా తెలుస్తాండెనా?"

"తెలిసేది కాదు."

"మల్ల ఎందుకు సెప్పితివి?"

ఇది అడుగుతుందని నాగవేణి అనుకోలేదు. తిడుతుందనుకుంది, లేదా పోనీలే తల్లీ అంటుందనుకుంది. రెండింటిలో ఏదైనా సరే, తర్వాత బస్సెక్కి కళ్ళు మూసుకోవచ్చనుకుంది. "మోయలేకపోయినా పెద్దమ్మా" అంది.

కమలమ్మ తల ఊపింది. "నువ్వు మోయలేక దించుకుంటివి. బాగుంది. యాడ దించితివి? నా నెత్తిన దించితివి. ఈ పొద్దు దాంక నాకుండేది మాత్రలతో పోయే రోగమనుకుంటి. ఇప్పుడు ఇది ఎత్తుకోని నేనొక్కదాన్నే కర్నూలు పోవల్లా?"

ముసలామె అన్నది అక్షరాలా నిజం. చెప్పేసి తేలికపడాలన్న ఆశ తప్ప, చెప్పించుకున్న మనిషి ఆ తర్వాత ఎలా నడవాలన్న ఆలోచన ఒక్కసారి కూడా నాగవేణికి రాలేదు.

"నేనొస్తా" అంది. "ఈ పొద్దు మా ఇంట్లో పడుకుందువు గానీ. ఎమ్మిగనూరు నుంచి తెల్లారి బస్సుంటాది, కర్నూలు తొందరగా చేరొచ్చు. నీకు ఇంత దూరం తిరిగే పని తప్పుతాది."

సుధ ముక్కు తుడుచుకుని అత్త వైపు చూసింది, తర్వాత నాగవేణిని పైనుంచి కింది దాకా చూసింది. "పిల్చుకపో. తప్పు నీదే గదా. నేను పిల్లోళ్ళను మా అమ్మ కాడ ఇడిసి, రేపు మద్యానానికి ఆడికి వస్తా. ఫోన్ నంబరియ్యి" అంది. నంబరు తీసుకుని అక్కడే ఒకసారి చేసి, మోగిందని చూసుకుని గానీ ఆలూరు బస్సు ఎక్కలేదు.

ఇద్దరూ మిగిలారు. కమలమ్మ దిమ్మె మీద నుంచి లేవడానికి నాగవేణి చెయ్యి పట్టుకుంది. ఎనిమిది నెలల్లో అరవై ఒక్క మంది ఒంట్లోని కణాలు కొలిచిన నాగవేణి చేతిని పట్టుకున్న మొదటి రోగి ఈమే. చెయ్యి పొడిగా, గరుకుగా, వేడిగా ఉంది.

"వచ్చి ఊరికే కూసోవద్దు" అంది కమలమ్మ నడుస్తూ. నాలుగడుగులకొకసారి ఆగుతోంది. "ఆడ నా లోపల్నుంచి ముక్క తీసినాక, దాంట్లో ఏం ఏరతారో, ఏం పడేస్తారో పక్కన నిలబడి సూడు. ఏదీ పడేయొద్దని సెప్పు. నీ మాటైతే ఇంటారు. కొలిసేదానివి గదా."

"నేనింక కొలిసేదాన్ని గాదు పెద్దమ్మా. నెలాఖరుకు మిషన్ ఎత్తకపోతారు. నా మాట ఎవురింటారు?"

"తప్పు కొలిసినదానివి గదా. అదే సెప్పు వాళ్ళకు" అంది కమలమ్మ.

ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. జనం అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. ఎవరో లేచి ముసలామెకు చోటిచ్చారు. నాగవేణి ఆమె పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి, రేపు కర్నూల్లో ఎవరి ముందు నిలబడాలో, మొదటి మాట ఏమనాలో మనసులో కూడబలుక్కుంటూ ఉంది. మొదటి మాట ఎన్నిసార్లు మార్చినా "నేనొక తప్పు చేశాను సార్" అనే వస్తోంది.